70 ఏళ్ల తప్పుకి అంతులేని శిక్షా? రూమ్మేట్ల గొడవకి నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చెన్నై షోలింగనల్లూరు పీజీలో ఒకే గదిలో ముగ్గురు తెలుగు కుర్రాళ్లు. ఒకరిది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, ఇంకొకరు నాస్తికుడు, మధ్యలో మీరు. "70 ఏళ్లు బతికి చేసిన తప్పుకి అంతులేని కాలం కాల్చడం ఏం న్యాయం?" అన్నాడు నాస్తికుడు. "దేవుడు అనంతుడు, ఆయన మీద చేసిన పాపమూ అనంతమే, కాబట్టి శిక్షా అనంతమే" అన్నాడు రెండోవాడు. వారం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎవరి వాదన సరైనదో చెప్పమన్నారు. చివర్లో, అప్పుడే గుర్తొచ్చినట్టు, "సువార్త అంటే ఏంటో తెలియకుండానే పోయిన మా అమ్మమ్మ సంగతేంటి సార్?" అని ఒక ముక్క రాశారు. మీ అసలు ప్రశ్న అదేనని నా అనుమానం. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ఈ గొడవ నాకు పుస్తకాల్లో కన్నా ముందు అన్నం పళ్లెం దగ్గర తెలుసు. నేను పెరంబూరులో పుట్టాను. నాన్న రైల్వే ఉద్యోగి, నెల్లూరు నుంచి వచ్చిన తెలుగు బాప్టిస్టు. మా మేనమామ పక్కా నాస్తికుడు. గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టడం గురించి, 1947లో దాన్ని విజయవాడకి మార్చడం గురించి సొంత ఇంటి సంగతుల్లా చెప్పేవాడు. మామయ్య మద్రాసు వచ్చినప్పుడల్లా అక్కడి నాస్తికుల అడ్డా పెరియార్ తిడల్‌కి వెళ్లేవాడు, నాన్న అదే వేపేరిలో చర్చికి వెళ్లేవారు. ఇద్దరూ ఒకే బస్సెక్కి వెళ్లి, ఒకే బస్సులో తిరిగొచ్చి, కోడికూర ముందు కూర్చుని నరకం గురించి కొట్టుకునేవాళ్లు. తర్వాత నేను ఇక్కడే ఒక కాలేజీలో 28 ఏళ్లు తత్వశాస్త్రం చెప్పాను. అందులో ఏటా రెండు వారాలు ఈ ఒక్క ప్రశ్నకే పోయేవి.

ముందు మీ క్రైస్తవ మిత్రుడి వాదన. అది ఆయన సొంతంగా అల్లింది కాదు. 11వ శతాబ్దం చివర్లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ పాపాన్ని దేవుడి గౌరవానికి జరిగిన నష్టంగా లెక్కకట్టాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్, అనంతుడికి ఎదురు తిరగడం అనంతమైన నేరమే అవుతుందని ఇంకా సూటిగా చెప్పాడు. 18వ శతాబ్దంలో అమెరికాలో జోనథన్ ఎడ్వర్డ్స్ దాన్ని ఉజ్జీవ ప్రసంగాల్లోకి, అంటే విశ్వాసాన్ని రగిలించే సభల్లోకి తెచ్చాడు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషన్ పెట్టినప్పుడు ఆ ప్రసంగాల ధోరణి కూడా పడవ దిగిందని నా అభిప్రాయం.

తర్కంగా చూస్తే ఇందులో ఉన్నది ఒకటే మాట. నేరం ఎంత పెద్దదో తేల్చేది ఎవరి పట్ల చేశారన్నదే. పక్కింటివాణ్ని కొడితే ఒక శిక్ష, రాజుని కొడితే ఇంకో శిక్ష. అన్సెల్మ్ బతికిన కాలంలో ఇది ఎవరికీ వింతగా తోచదు. అప్పటి సమాజం నడిచిందే అలా. కానీ మనం దీన్ని ఇంకోచోట కూడా విన్నాం కదా? మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం తీయండి. బ్రాహ్మణుణ్ని తిట్టిన క్షత్రియుడికి 100 పణాల జరిమానా, వైశ్యుడికి 150 లేదా 200, శూద్రుడికి దేహశిక్ష. అదే బ్రాహ్మణుడు శూద్రుణ్ని తిడితే 12 పణాలు. తిట్టు ఒకటే. ఎవరు ఎవరిని తిట్టారన్నదాన్ని బట్టి రేటు మారుతుంది.

1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లు ఏ లెక్క నుంచి తప్పించుకోవడానికి చెరువు నీళ్లలోకో ఏటి నీళ్లలోకో దిగారో, అదే లెక్కని వాళ్ల మునిమనవడు ఇవాళ షోలింగనల్లూరులో దేవుడి న్యాయం అని చెబుతున్నాడు. నేను వెటకారానికి అనడం లేదు. క్లాసులో ఒకసారి ఇది చెప్పినప్పుడు చివరి బెంచీలో ఒక ఒంగోలు కుర్రాడు పెన్ను కింద పెట్టేసి నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. అంబేద్కర్ మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టింది 1927 డిసెంబరు 25న, అంటే సరిగ్గా క్రిస్మస్ రోజున. అది కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం ఆ రెండూ కలిసే గుర్తొస్తాయి.

పైగా బైబిలే ఆ లెక్కకి ఎదురు నడుస్తుంది. పేదవాడని పక్షపాతం వద్దు, గొప్పవాడని అభిమానం వద్దు అని లేవీయకాండం తీర్పరులకి చెబుతుంది. లూకా 12వ అధ్యాయంలో యజమాని ఇష్టం తెలిసీ చేయని దాసుడికి ఎక్కువ దెబ్బలు, తెలియక తప్పు చేసినవాడికి తక్కువ దెబ్బలు. అక్కడ కొలిచేది యజమాని హోదాని కాదు, దాసుడికి ఎంత తెలుసన్నదాన్ని. "తక్కువ దెబ్బలు" అన్నాక అవి ఎక్కడో ఒకచోట ఆగాలి కదా అని మా మామయ్య అనేవాడు. నాన్న దగ్గర దానికి ఎప్పుడూ సరైన జవాబు లేదు. "కూర వడ్డించవే" అని అమ్మ వైపు తిరిగేవారు.

క్రైస్తవుల దగ్గర ఇంతకన్నా గట్టి వాదన ఒకటి ఉంది, మీ మిత్రుడు దాన్ని వాడలేదు. నరకంలో ఉన్నవాడు అక్కడ కూడా దేవుణ్ని తిరస్కరిస్తూనే ఉంటాడు, కాబట్టి శిక్షా సాగుతూనే ఉంటుంది. తలుపు లోపలి నుంచే గడియ పెట్టుకున్నాడు, బయటి నుంచి ఎవరూ తాళం వేయలేదు. ఇంగ్లీషు క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ 1940లో ఈ పోలికతోనే రాశాడు. కాథలిక్కులు ఇవాళ అధికారికంగా చెప్పేదీ దీనికి దగ్గరే, నరకమంటే మనిషి తనను తాను దేవుడి నుంచి వెలివేసుకోవడమని. ఇందులో దామాషా గొడవ ఉండదు. 70 ఏళ్లకి అనంతం కాదు, అనంతమైన మొండితనానికి అనంతం.

నాకు దీని మీద గౌరవం ఉంది. చిక్కల్లా లూకా 16లో యేసు చెప్పిన ధనవంతుడి కథలో ఉంది. ధనవంతుడు పాతాళంలో యాతన పడుతూ ఏమడిగాడు? మొదట నాలుక చల్లార్చడానికి ఒక చుక్క నీళ్లు. అది దొరక్కపోయేసరికి, ఇంట్లో నాకు అయిదుగురు అన్నదమ్ములున్నారు, వాళ్లు ఇక్కడికి రాకుండా ఎవరినైనా పంపి హెచ్చరించమన్నాడు. ఇది గడియ పెట్టుకుని కూర్చున్నవాడి మాటేనా? బతికున్నప్పుడు గుమ్మం ముందున్న బిచ్చగాడు లాజరుని పట్టించుకోని మనిషికి అక్కడికెళ్లాక ఇంకొకరి గురించి ఆలోచన వచ్చింది. అది ఉపమానమే, దాంతో నరకం మ్యాపు గీయకూడదని పాస్టర్లు అంటారు. ఒప్పుకుంటాను. అయితే మంటల్ని మాత్రం ఆ ఉపమానం నుంచే అక్షరాలా ఎందుకు తీసుకుంటున్నారని అడగండి.

ఇంకో జవాబు మీరు తప్పకుండా వింటారు. "దేవుడి న్యాయం వేరు, మన న్యాయం వేరు, కుమ్మరిని కుండ ప్రశ్నించకూడదు." ఇది బైబిల్లో పౌలు మాటే, కాదనను. కానీ ఆదికాండం 18లో, దేవుడు సొదొమ ఊరిని నాశనం చేయబోతుంటే, అబ్రాహాము ఏం చేశాడో చూడండి. సొదొమలో 50 మంది నీతిమంతులుంటే నాశనం చేస్తావా? 45 మంది ఉంటే? 40? 30? 20? 10? రంగనాథన్ స్ట్రీట్‌లో చీర బేరం కూడా అంత పట్టుదలగా ఎవరూ ఆడరు. బేరం మొదలుపెట్టేటప్పుడు ఆయన అన్న మాట: "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" న్యాయం అనే మాటకి అబ్రాహాముకీ దేవుడికీ ఒకే అర్థం లేకపోతే ఆ ప్రశ్నకి అర్థమే లేదు. దేవుడు కూడా "నీకేం తెలుసు" అని కసరలేదు, లెక్క తగ్గిస్తూ వచ్చాడు. కాబట్టి దేవుడు న్యాయవంతుడు అంటూనే, ఆ న్యాయం మనకి అర్థం కాదని కూడా అంటే, ఆ మొదటి మాటలో ఏమీ చెప్పనట్టే.

ఇక్కడిదాకా చదివి మీ నాస్తిక మిత్రుడు కాలరెగరేస్తుంటే ఆయన్ని కాస్త కూర్చోమనండి.

ఆయన మొదటి పొరపాటు, క్రైస్తవులందరి నరకం ఒకటే అనుకోవడం. తెలుగులో మనకి నరకం అనగానే యమభటులు, సలసల కాగే నూనె గుర్తొస్తాయి. ఆ మాట పురాణాలది. భాగవతం 28 నరకాలు లెక్కపెడుతుంది, కానీ వాటన్నిటికీ గడువుంది. శిక్ష అయిపోతే మళ్లీ జన్మ. (మధ్వాచార్యులు మాత్రం కొన్ని జీవులకి ఎప్పటికీ విడుదల లేదన్నారు. మన వైపు అది అరుదైన మాట.) బైబిల్ తెలుగులోకి తెచ్చినవాళ్లు ఆ తయారుగా ఉన్న మాటనే తీసుకున్నారు. పేరు పాతదే, విడుదల తేదీ మాత్రం పోయింది. మూలంలో చూస్తే ఒక మాట కాదు, నాలుగున్నాయి. హీబ్రూలో షెయోల్ అంటే మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అందరూ చేరే చీకటి చోటు. గ్రీకులో హేడెస్ దాదాపు అదే. టార్టరస్ ఒక్కసారి, పేతురు రెండో పత్రికలో, తప్పు చేసిన దేవదూతల విషయంలో కనిపిస్తుంది. యేసు ఎక్కువగా వాడింది గెహెన్నా. అది యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ. అక్కడ మోలెకు అనే దేవతకి పిల్లల్ని అగ్నిలో అర్పించేవాళ్లు, యోషీయా రాజు ఆ చోటుని అపవిత్రం చేసి దాన్ని ఆపించాడు.

"గెహెన్నా అంటే ఊరి చెత్తకుప్ప, అంతే" అని యూట్యూబ్‌లో ఇరుపక్షాలవాళ్లూ చెబుతుంటారు. దాన్ని నమ్మకండి. ఆ మాట మొదట కనిపించేది క్రీ.శ. 1200 ప్రాంతంలో ఒక యూదు పండితుడి వ్యాఖ్యానంలో, అంటే యేసు తర్వాత పన్నెండు వందల ఏళ్లకి. మన పెరుంగుడి డంపింగ్ యార్డు పొగలు చూసినవాళ్లకి ఆ పోలిక బాగా ఎక్కుతుంది, అందుకే పోవడం లేదు.

ఇక "నిత్య" అనే మాట. మత్తయి 25 చివరి వచనం: "వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్యజీవమునకును పోవుదురు." రెండుచోట్లా ఒకే గ్రీకు మాట, అయోనియోస్. జీవం అంతం లేనిదైతే శిక్షా అంతం లేనిదే కావాలని అగస్టీన్ 5వ శతాబ్దంలో వాదించాడు. బలమైన వాదనే. అంతులేని బాధని ఒప్పుకోని పక్షం చూపించేది యూదా పత్రికలో ఏడో వచనం. సొదొమ గొమొఱ్ఱాలకి పడింది కూడా నిత్యాగ్నే అంటుంది అది. సొదొమ ఇప్పటికీ కాలుతూ ఉందా? లేదు. నిప్పు ఆరిపోయింది, ఫలితం మిగిలింది. "నిత్య" అనే మాట ఫలితానికి వర్తిస్తుంది, బాధకి కాదు అని వాళ్ల వాదన. మత్తయి 10:28లో కూడా ఆత్మనీ దేహాన్నీ నరకంలో "నశింపజేయగల" వాడికి భయపడమన్నాడు. నశించినదానికి నొప్పేముంటుంది?

అందుకే క్రైస్తవుల్లో అంతులేని యాతనని ఒప్పుకోనివాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. 3వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిగెన్ చివరికి అందరూ దేవుడి దగ్గరికే చేరతారని ఆశపడ్డాడు, నిస్సా గ్రెగరీ కూడా దాదాపు అదే అన్నాడు. ఓరిగెన్ పేరు తర్వాత చర్చి శాపాల్లోకి ఎక్కింది, గ్రెగరీ సెయింట్‌గా మిగిలాడు. ఎందుకో నాకెప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు. దుష్టులు చివరికి లేకుండా పోతారని అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ శాఖవాళ్లు నమ్ముతారు. ఇంగ్లాండులో ఎంతో పేరున్న ఇవాంజెలికల్ పాస్టర్ జాన్ స్టాట్ కూడా 1988లో అటువైపే మొగ్గుతున్నానని రాసి చాలామంది సొంతవాళ్ల చేత తిట్లు తిన్నాడు. కాబట్టి మీ నాస్తిక మిత్రుడు అంతులేని యాతనని ఓడించినా, క్రైస్తవాన్ని ఓడించినట్టు కాదు. ఒక గదిని మాత్రమే ఖాళీ చేయించినట్టు.

ఆయన రెండో పొరపాటు దీనికన్నా పెద్దది. తీర్పు దినం అనే నమ్మకమంతా భయపెట్టి చందాలు వసూలు చేయడానికి కనిపెట్టిందని ఆయన అన్నట్టు రాశారు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. 23 ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన భార్యలకి, తల్లులకి ఆ రోజు ఏం చెప్పాలి? "ఇంకో కోర్టు ఉంది, అక్కడ సాక్షులు ఎదురు తిరగరు, లాయర్లు వాయిదాలు అడగరు" అనే నమ్మకాన్ని చందాల వ్యాపారం అంటే నేను ఒప్పుకోను. తీర్పు కావాలనే కోరిక మొదట పుట్టేది కొట్టేవాడి నోట్లో కాదు, దెబ్బలు తిన్నవాడి నోట్లో. నాస్తికుడు దీనికి నిజాయితీగా చెప్పగల జవాబు ఒకటే ఉంది: "పై కోర్టు లేదు. ఆ 8 మందికి ఇక ఎప్పటికీ న్యాయం జరగకపోవచ్చు. అందుకే ఇక్కడి కోర్టుల్ని బాగుచేయాలి." మా మామయ్య ఆ మాట అనగలిగేవాడు, అన్నాక చాలాసేపు మాట్లాడేవాడు కాదు. మీ మిత్రుడు అనగలడా, కనుక్కోండి.

ఇద్దరూ తప్పిపోయిన మలుపు ఇక్కడే ఉందని నేననుకుంటాను. చుండూరు తల్లి అడిగేది తీర్పు. నిజం బయటపడాలి, చంపినవాడు దాని ముందు నిలబడాలి, బరువు మోయాలి. అందులో ఎక్కడా "ఎప్పటికీ" అనే మాట లేదు. తీర్పు ఉండాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, శిక్షకి అంతం ఉండాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న. మీ క్రైస్తవ మిత్రుడు మొదటిదానికి ఉన్న బలాన్ని తెచ్చి రెండోదాన్ని నిలబెడుతున్నాడు. నాస్తికుడేమో రెండోదాని బలహీనత చూపించి మొదటిదాన్ని పడగొడుతున్నాడు. ఈ రెండూ విడదీసి అడిగితే వాళ్లు అనుకున్నంత దూరంలో లేరని తెలుస్తుంది. మళ్లీ మాటలు కలుస్తాయని మాత్రం హామీ ఇవ్వను, పీజీల్లో గొడవలకి బాత్రూం కూడా కారణమే.

స్వర్గంలో ఉన్నవాళ్ల సంగతి కూడా ఒకటుంది. తనవాళ్లు కింద కాలుతుంటే పైనున్నవాడు సంతోషంగా ఎలా ఉంటాడు? క్రీ.శ. 200 ప్రాంతంలో క్రైస్తవ రచయిత టెర్టూలియన్ అయితే, హింసించిన రాజులు మంటల్లో మూలుగుతుంటే చూసి నవ్వుకుంటానని రాశాడు. చర్చి మీద హింస జరుగుతున్న రోజుల్లో రాసిన మాట అది, ఆ కోపం అర్థమవుతుంది. కానీ మహాభారతం స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు చేసింది వేరు. స్వర్గంలో దుర్యోధనుడు కనిపించాడు, తమ్ముళ్ల, ద్రౌపది గొంతులు నరకంలో వినిపించాయి. నువ్వు ఇక్కడుంటే నీ మీదుగా వచ్చే గాలికి మాకు హాయిగా ఉందని వాళ్లు అంటే, అయితే నేనిక్కడే ఉంటానన్నాడు. నాన్నకి ఈ కథ చాలా ఇష్టం. చర్చిలో ఎక్కడా చెప్పేవారు కాదు, నాకు మాత్రం చెప్పేవారు.

ఇక మీ అమ్మమ్మ. ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి మీరు కాదు. మన శాంథోమ్‌లో 1545లో కొన్ని నెలలు ఉన్న కాథలిక్ మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ తర్వాత జపాన్ వెళ్లాడు. అక్కడ కొత్తగా క్రైస్తవం తీసుకున్నవాళ్లు ఆయన్ని అడిగింది ఇదే, మా తల్లిదండ్రుల సంగతేంటని. వాళ్లకిక దారి లేదని ఆయన చెప్పాడు. వాళ్లు ఏడ్చారనీ, అది చూసి తనకీ బాధేసిందనీ 1552లో ఉత్తరం రాశాడు. జవాబు మాత్రం మార్చలేదు. డార్విన్ తన ఆత్మకథలో క్రైస్తవాన్ని ఎందుకు నిజం కావాలని కూడా కోరుకోలేనో చెప్పేచోట కోతుల గురించి రాయలేదు, నమ్మనివాళ్లకి అంతులేని శిక్ష అంటే అందులో తన నాన్న, అన్న, స్నేహితులూ ఉంటారని రాశాడు. ఆ వాక్యాన్ని కుటుంబం 1887 ముద్రణలో తీసేసింది, 1958లో గానీ అది తిరిగి రాలేదు. జేవియర్‌ది అయిన కాథలిక్ చర్చి మాత్రం 1964లో, రెండో వాటికన్ సభలో, తమ తప్పు లేకుండా సువార్త ఎరగని వాళ్లు మనస్సాక్షి ప్రకారం బతికితే రక్షణ పొందగలరని రాసుకుంది. జపాన్‌లో ఏడ్చినవాళ్లకి ఆ మాట అందడానికి 400 ఏళ్లు ఆలస్యమైంది. ప్రొటెస్టెంట్లలో కొందరు రోమా పత్రిక రెండో అధ్యాయం చూపించి అదే అంటారు, ఇంకొందరు ససేమిరా అంటారు. మీ మిత్రుడి సంఘం ఏమంటుందో నేను చెప్పలేను.

మా మామయ్య పోయినప్పుడు ఒక పాస్టరు ఓదార్చడానికి ఇంటికొచ్చాడు. అమ్మ ముందే, దేవుణ్ని కాదన్నవాడు ఎక్కడికి వెళ్లాడో మనందరికీ తెలుసు, మనమైనా మేలుకోవాలి అని ప్రార్థన చేశాడు. ఆయన వెళ్లాక అమ్మ నాన్నని అడిగింది, "మా అన్నయ్య అక్కడే ఉన్నాడా?" అని. నలభై ఏళ్లు మామయ్యతో నరకం ఉందని వాదించిన మనిషి, బైబిల్ తీయకుండానే, "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అన్నారు. అమ్మకి అది జవాబో ప్రశ్నో అర్థం కాలేదు. ఆయన చర్చికి వెళ్లడం మానలేదు. ముందు బెంచీలో కూర్చోవడం మాత్రం ఆ ఆదివారం నుంచి మానేశారు.